స్నీకర్ గ్రూప్‌కి షూ కేర్ కంపెనీ ఫ్రీగా కిట్లు ఇస్తానంటోంది, తీసుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ: మీ స్నీకర్ గ్రూప్‌లో దాదాపు 400 మంది ఉన్నారు, ఒక షూ కేర్ కంపెనీ 30 కిట్లు ఫ్రీగా పంపిస్తానంది, బదులుగా వాడి చూసి నాలుగు మాటలు, రెండు ఫోటోలు పెడితే చాలంది, ఇది తీసుకోవచ్చా, తీసుకుంటే ఎవరికివ్వాలి అని.

తీసుకోండి. కానీ పెట్టె విప్పకముందే కొన్ని మాట్లాడుకోండి, మేం మాట్లాడుకోలేదు, దానివల్ల ఒకమ్మాయి షూ పాడైంది.

మా గ్రూప్ నడిపే ముగ్గురిలో నేనొకడిని. మాకొచ్చినవి 40 కిట్లు. ఒక్కో దాంట్లో ఫోమ్ క్లీనర్ సీసా, గట్టి బ్రష్ ఒకటి మెత్తది ఒకటి, మైక్రోఫైబర్ గుడ్డ, ప్రొటెక్టర్ స్ప్రే డబ్బా. అందరం సంబరపడిపోయాం, అడిగినోళ్ళకి అడిగినట్టు పంచేశాం, వచ్చిన రోజు సాయంత్రానికే గ్రూప్ నిండా ఫోటోలు. ముందు ఇలా ఉంది, తర్వాత ఇలా ఉంది, అదిరిపోయింది, తప్పకుండా వాడండి. ఒక్కరు కూడా ఇది మాకు ఫ్రీగా వచ్చిందని రాయలేదు, దాచాలని కాదు, అందరికీ తెలుసులే అనుకున్నాం. కానీ గ్రూప్‌లో సగం మంది ఎప్పుడో ఒకసారి తొంగి చూసేవాళ్ళు, వాళ్ళకెలా తెలుస్తుంది?

ఆ ఫోటోలన్నీ ఇప్పుడు తీసి చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తది. అన్నీ తెల్ల లెదర్ షూలు, తెల్ల మిడ్‌సోల్‌లు (అడుగు సోల్‌కి పైన ఉండే మందపాటి పొర). అంటే ఏ క్లీనర్‌తో తోమినా తెల్లబడేవే. నున్నటి లెదర్ మీద పైన ఒక పూత ఉంటుంది, మట్టి ఆ పూత మీదే ఆగిపోతది, మిడ్‌సోల్ మీదా మట్టి పైపైనే ఉంటుంది, మామూలు మైల్డ్ సబ్బు రెండు చుక్కలు నీళ్ళలో కలిపి తోమినా అదే ఫోటో వస్తుంది. మేం చేసింది టెస్టే కాదన్నమాట, ఎవరూ ఫెయిలవ్వలేని పరీక్ష పెట్టి అందరికీ నూటికి నూరు వేశాం.

రెండు వారాల తర్వాత ఆ అమ్మాయి నాకు విడిగా మెసేజ్ పెట్టింది. చాలా నెలలు దాచుకున్న డబ్బుతో కొనుక్కున్న మొదటి మంచి జత, ఎర్ర నూబక్ (నూగు ఉండే తోలు), పక్కన తెల్ల లెదర్ ప్యానెల్. మా పోస్టులు చూసి అదే క్లీనర్ తెప్పించుకుంది, ఫోమ్ బాగా పట్టించి గట్టి బ్రష్‌తో తోమింది. ఫోటో పంపింది, ముందు వేళ్ళ దగ్గర నూగంతా తడిసిన పిల్లి బొచ్చులా అతుక్కుపోయి ఉంది, ఎరుపు కారి తెల్ల ప్యానెల్ కుట్ల వెంబడి గులాబీ రంగు గీతలా దిగిపోయింది, బ్రష్ కుచ్చు కూడా ఎర్రగా అయిపోయింది. కింద ఒకటే లైన్, "అన్నా, మీరందరూ బాగుందన్నారు కదా" అని. చాలాసేపు ఏం రాయాలో తెలీక అలాగే ఫోన్ పట్టుకుని కూర్చున్నా.

సీసా తీసి చూస్తే వెనక చిన్న అక్షరాల్లో ఉంది, స్వేడ్, నూబక్ మీద వాడకండి అని. 40 మందిలో ఒక్కరం కూడా చదవలేదు అనుకున్నా. తర్వాత విచారిస్తే ఇంకో సంగతి బయటపడింది, మాలోనే ఒకతను తన స్వేడ్ షూ మడమ దగ్గర కొంచెం రాసి చూశాడంట, గుడ్డకి రంగు అంటితే ఆపేశాడంట. మరి చెప్పలేదేంటి తమ్ముడూ అంటే, "ఫ్రీగా పంపించారు కదన్నా, చెడ్డగా రాస్తే బాగోదని" అన్నాడు.

అసలు చిక్కంతా ఆ మొహమాటంలోనే ఉందండి. కంపెనీ మమ్మల్ని పొగడమని అడగలేదు, ఏ బలవంతమూ లేదు. దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదు అని మనకి మనమే అనుకుంటాం. ఈ ఆవు విషయంలో పళ్ళు లెక్కపెట్టాల్సిందే, ఎందుకంటే మీ మాట విని అదే ఆవుని డబ్బులిచ్చి కొనుక్కునేవాళ్ళు వెనక ఉన్నారు. ఇదేదో చిన్న గ్రూప్ సమస్య కూడా కాదు, అమెజాన్ 2016 అక్టోబర్‌లో ఫ్రీగా వస్తువు తీసుకుని రాసే రివ్యూలని తన సొంత వైన్ (Vine, అమెజానే మనుషుల్ని ఎంచి రివ్యూ రాయించేది) ప్రోగ్రామ్‌లో తప్ప ఆపేసింది, అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ అయితే ఫ్రీగా వస్తువు అందుకుని దాని గురించి రాస్తే ఆ మాట స్పష్టంగా చెప్పాలంటుంది. ఫ్రీ వస్తువు మనిషి చేత అబద్ధం చెప్పించకపోవచ్చు, కానీ ఒక నిజాన్ని మింగేలా చేస్తుంది, మా తమ్ముడు మింగింది అదే.

నూబక్ ఎందుకలా అయిందో కూడా చెప్తా, ఎందుకంటే మీ గ్రూప్‌లో కిట్లు ఎవరికివ్వాలి అన్నదానికి జవాబు ఇందులోనే ఉంది. స్వేడ్ అంటే తోలు లోపలి వైపుని రుద్ది నూగు తేల్చింది, నూబక్ అంటే పైవైపునే సన్నగా గీకి నూగు తెప్పించింది. రెండింటి మీదా నున్నటి లెదర్‌కుండే పూత ఉండదు, నీళ్ళు, సబ్బు నేరుగా తోలు పోగుల్లోకి పోతాయి, రంగుని కదిలించేస్తాయి, ఆరాక ఆ పోగులు గట్టిపడతాయి. ముదురు రంగైతే మరీను. వీటికి ముందు పొడి బ్రష్, పొడి ఎరేజర్, అప్పటికీ పోకపోతేనే తడి, అదీ వాటికోసమే చేసిన క్లీనర్ అతి కొంచెం. ఆ అమ్మాయి షూకి అలాగే చేశాం, పూర్తిగా ఆరనిచ్చి లోపల తెల్ల కాయితం కుక్కి, స్వేడ్ బ్రష్‌తో నాలుగైదు రోజులు రోజూ కొంచెం కొంచెం నూగు లేపాం. నూగు చాలావరకు లేచింది, కుట్ల దగ్గర గులాబీ గీత మాత్రం పోలేదు.

రెండోసారి ఇంకో కంపెనీ అడిగినప్పుడు ముందే మెసేజ్ పెట్టేశాం. ఫ్రీగా వచ్చిందని ప్రతి పోస్ట్ మొదటి లైన్‌లోనే రాస్తాం, బాగోకపోతే బాగోలేదనే రాస్తాం, పోస్ట్ పెట్టేముందు మీకు చూపించం, కనీసం 3 వారాలు వాడకుండా ఏమీ రాయం, ఒప్పుకుంటేనే పంపండి అని. అంతకుముందు మాట్లాడుతున్న ఒక కంపెనీ ఇది చూసి మళ్ళీ జవాబివ్వలేదు. రెండోసారి అడిగిన ఈ కంపెనీ మాత్రం సరేనంది, పైగా ఏ మెటీరియల్ మీద ఎవరు చూస్తారో లిస్ట్ ఇవ్వమంది. నాకైతే ఆ ఒక్క మాటతో వాళ్ళ మీద గురి కుదిరింది.

టెస్ట్ ఎలా చేశామంటే, ఎడమ షూ వాళ్ళ క్లీనర్‌తో, కుడి షూ మామూలు మైల్డ్ సబ్బు నీళ్ళతో, బ్రష్ రెండిటికీ ఒకటే. అదే అసలు కిటుకు, పక్కన పోల్చుకోడానికి ఏమీ లేకుండా "బాగా పోయింది" అంటే దేనివల్ల పోయిందో ఎలా తెలుస్తది? నీళ్ళ వల్లా, బ్రష్ వల్లా, సీసాలో ఉన్నదాని వల్లా? ఫోటో ఒకే కిటికీ దగ్గర, ఒకే టైముకి, పూర్తిగా ఆరాకే, తడి మీద తీస్తే ఏ షూ అయినా కొత్తగానే కనపడుతుంది. మొదలుపెట్టే ముందు షూ నాలుక (లేసుల కింద ఉండే పట్టీ) లోపలివైపు తడి తెల్లగుడ్డతో రుద్ది, రంగు అంటిందంటే అక్కడే ఆగిపోవాలి అని పెట్టుకున్నాం. మాలో ఒకావిడ కెమిస్ట్రీ చదివినామె, ఆమె క్లీనర్‌లో పీహెచ్ స్ట్రిప్ (ఆమ్లమా క్షారమా చెప్పే కాయితం, 7 కంటే తక్కువైతే ఆమ్లం) ముంచి చూసేది. తోలు సహజంగా కొంచెం ఆమ్లం వైపు, 4, 5 దగ్గర ఉంటుంది, బట్టల సబ్బు పొడి నీళ్ళు 10 దాకా పోతాయి, అలాంటిది మళ్ళీ మళ్ళీ పడితే తోలు బిరుసెక్కుతుంది. లేబుల్ మీద "జెంటిల్" అని రాసుంటే సరిపోదు కదా, స్ట్రిప్ ముంచితే అర నిమిషంలో తేలిపోతుంది.

ఏం తేలిందంటే, మెష్ (జల్లెడలా ఉండే బట్ట) మీద, నిట్ (అల్లిన బట్ట) మీద ఆ ఫోమ్‌కీ మా సబ్బు నీళ్ళకీ తేడా ఎవరూ కనిపెట్టలేకపోయారు, ఏది ఏదో చెప్పకుండా ఆరుగురికి చూపించాం, సగం మంది తప్పు చెప్పారు. కానీ వాళ్ళ మెత్తటి బ్రష్ మాత్రం నిజంగా మంచిది, నిట్ పోగులు లేవకుండా మట్టి తీసింది. అదే రాశాం, ఫోమ్ మామూలే, బ్రష్ కొనుక్కోండి అని. కంపెనీవాళ్ళు కోప్పడలేదు, మెష్ మీద ఎంత మోతాదు వాడారు, ఎంతసేపు ఉంచారు అని అడిగి రాసుకున్నారు.

ప్రొటెక్టర్ స్ప్రే గురించి విడిగా చెప్పాలి, కిట్‌లో జాగ్రత్తగా ఉండాల్సింది అదే. నీళ్ళూ మరకా అంటనివ్వని ఈ మందుల కథ మొదలైంది కూడా ఒక షూ మీదేనండి, 1950ల్లో 3ఎం అనే అమెరికా కంపెనీ ల్యాబ్‌లో ఒక అసిస్టెంట్ కాన్వాస్ షూ మీద ఫ్లోరిన్ రసాయనం ఒలికింది, ఎంత కడిగినా పోలేదు, ఆ మచ్చ దగ్గర మట్టీ అంటలేదు, అది గమనించిన పాట్సీ షెర్మన్, సామ్యూల్ స్మిత్ దాన్ని పట్టుకుని పనిచేస్తే 1956కి స్కాచ్‌గార్డ్ అనే మరకలంటనివ్వని మందు వచ్చింది. తర్వాత ఆ రసాయనాల్లో కొన్ని నేలలో, నీళ్ళలో, మన ఒంట్లో ఏళ్ళ తరబడి ఉండిపోతాయని తేలి, 2000లో 3ఎం తనే వాటిలో పీఎఫ్ఓఎస్ అనేదాని తయారీ ఆపేస్తున్నట్టు చెప్పింది. కాబట్టి మీ కంపెనీని సూటిగా అడగండి, మీ స్ప్రేలో ఫ్లోరిన్ రసాయనాలు ఉన్నాయా లేవా అని, ఉందో లేదో చెప్పకుండా నసిగితే ఆ డబ్బా వద్దనండి, మిగతావి తీసుకోండి. ఏ రకమైనా సరే మూసిన గదిలో మాత్రం కొట్టకండి, వాటర్‌ప్రూఫ్ స్ప్రే పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళున్నారు, ఆరుబయట, గాలికి ఎదురు నిలబడకుండా, చంటిపిల్లలు పక్కన లేకుండా. స్వేడ్ మీద కూడా ముందు ఓ మూల కొట్టి రంగు ముదురుతుందేమో చూసుకోవాలి.

ఇంకోటి, కొన్ని కిట్లలో పసుపుపచ్చబడ్డ సోల్‌ని తెల్లగా చేసే క్రీమ్ ఉంటుంది. దాంట్లో సాధారణంగా పనిచేసేది హైడ్రోజన్ పెరాక్సైడ్, జుట్టు రంగువాళ్ళు 40 వాల్యూమ్ అంటారే అదైతే 12 శాతం దాకా ఉంటుంది, చర్మం కాలుస్తుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోనివ్వకండి. పనైతే చేస్తుంది, ఎండో యూవీ లైటో తగలాలి అంతే. షూ పైభాగం మీద పడకుండా టేప్ వేసుకోవాలి. బట్టల బ్లీచ్ మాత్రం వద్దు, తెల్లబడుతుందని పోస్తే తెల్ల బట్ట పసుపెక్కి ఊరుకుంటుంది.

పాత షూలు దాచుకునేవాళ్ళు ఎవరైనా, ఈ క్రీమ్‌తో నా 20 ఏళ్ళ జత కాపాడొచ్చా అని అడుగుతారు, మమ్మల్నీ అడిగారు. పాలీయురెథేన్ మిడ్‌సోల్ గాల్లో తేమకి లోపల్లోపలే విరిగిపోతుంది, హైడ్రాలిసిస్ అంటారు, పెట్టెలో భద్రంగా పెట్టినా పొడిపొడిగా రాలిపోతుంది. పైన ఏం పూసినా అది ఆగదు, ఆగుతుందని కంపెనీ చెప్తే మాత్రం ఆ మాట నమ్మకండి, గ్రూప్‌లోనే అలా అని రాయండి.

ఇక 30 కిట్లు 400 మందికి ఎలా అంటే, లాటరీ వేయకండి, ముందు చేయెత్తినోళ్ళకీ ఇవ్వకండి. ఎవరి దగ్గర ఏముందో అడిగి మెటీరియల్‌ని బట్టి పంచండి, నున్నటి లెదర్‌కి 4 చాలు, అది ఎలాగూ శుభ్రపడుతుంది, ఎక్కువ కిట్లు స్వేడ్, నూబక్, నిట్, మెష్, ముదురు రంగు కాన్వాస్ ఉన్నవాళ్ళకి పోవాలి. అందరికీ ముందే చెప్పండి, బాగా మట్టి పట్టిన రోజువారీ జత మీదే చూడండి, ప్రాణంలా చూసుకునే జత బయటికి తీయకండి అని. రెండు కిట్లు ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టండి, ఎవరిదైనా తేడా వస్తే మళ్ళీ అదే చేసి చూడ్డానికి పనికొస్తాయి, లేకపోతే షూదా తప్పు క్లీనర్‌దా అని వాదులాటే మిగులుతుంది.

కంపెనీ గనక పోస్ట్ పెట్టేముందు మాకు చూపించాలి అన్నా, మాటలు మేమే రాసిస్తాం అన్నా అక్కడితో నమస్కారం పెట్టేయండి. అలాంటి షరతు లేకపోతే తీసుకోండి. వాళ్ళు పంపిన మెసేజ్‌లో పేరు తీసేసి షరతులు మాత్రం ఇక్కడ పెట్టండి, చూసి చెప్తా, మేం పంపిన మెసేజ్ కూడా అలాగే కింద పెడతా, కావాలంటే మీకు సరిపోయేట్టు మార్చుకుని వాడుకోండి.