అదనపు మితులను కొలైడర్‌లో ఎలా వెతుకుతారు? ఇప్పటిదాకా దొరకలేదంటే అవి లేనట్టేనా?

పొడవు, వెడల్పు, ఎత్తులకు మించిన మితులు ఉంటే వాటి జాడను కొలైడర్ ఎలా పట్టగలదని, ఇన్నేళ్లుగా దొరకలేదు కాబట్టి అవి లేవనుకోవచ్చా అని మీరు అడిగారు. పరిశోధక విద్యార్థిగా నేను కొంతకాలం ఈ అన్వేషణలోనే, ప్రోటాన్లను అత్యధిక శక్తితో ఢీకొట్టే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ యంత్రం డేటాపై పనిచేశాను. ఆ అనుభవంతోనే జవాబు రాస్తున్నాను.

మిగిలిన బలాలతో పోలిస్తే గురుత్వాకర్షణ అంత బలహీనంగా ఎందుకుంది అన్న ప్రశ్న దీనికి మూలం. గురుత్వం అదనపు మితుల్లోకి కూడా వ్యాపించి పలచబడుతోందని, మనం మాత్రం మూడు మితులకే పరిమితమై ఉన్నామని 1998లో అర్కానీ-హమీద్, డిమోపౌలోస్, ద్వాలి ప్రతిపాదించారు. అదే నిజమైతే గురుత్వపు అసలు బలం కొన్ని టెరా ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తికి వాడే కొలమానం) దగ్గరే బయటపడాలి. అది కొలైడర్‌కు అందే శక్తి.

ఢీకొనే ప్రోటాన్లు ఎదురెదురుగా వస్తాయి కాబట్టి, వాటి దారికి అడ్డంగా ఉండే ద్రవ్యవేగం మొత్తం ఢీకొన్న తరువాత కూడా దాదాపు సున్నా కావాలి. గురుత్వాన్ని మోస్తుందని భావించే కణమైన గ్రావిటాన్ ఒకటి పుట్టి అదనపు మితుల్లోకి వెళ్లిపోతే, ఒక వైపు కణాల జెట్ (ఒకే దిశలో దూసుకెళ్లే కణాల గుంపు) కనిపిస్తుంది, దాన్ని సరితూచవలసిన రెండో వైపు ఏమీ ఉండదు. మేము వెతికినది ఇటువంటి ఘటనలనే.

అయితే ఈ రూపం గ్రావిటాన్‌కే ప్రత్యేకం కాదు. ఒక జెట్‌తో పాటు జెడ్ బోసాన్ (బలహీన కేంద్రక బలాన్ని మోసే బరువైన కణం) పుట్టి రెండు న్యూట్రినోలుగా విడిపోయినా డిటెక్టర్‌లో సరిగ్గా ఇదే దృశ్యం కనిపిస్తుంది, ఎందుకంటే న్యూట్రినోలు ఏ గుర్తూ వదలకుండా వెళ్లిపోతాయి. నా పనిలో అత్యధిక భాగం ఈ మామూలు ఘటనలు ఎన్ని ఉండాలో లెక్కగట్టడానికే పట్టింది. జెడ్ బోసాన్ కొన్నిసార్లు రెండు మ్యువాన్లుగా (ఎలక్ట్రాన్‌ను పోలిన, దానికంటే బరువైన కణాలు) కూడా విడిపోతుంది, మ్యువాన్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఆ ఘటనలను తీసుకుని, మ్యువాన్లు లేవన్నట్టుగా ద్రవ్యవేగాన్ని మళ్లీ లెక్కిస్తే న్యూట్రినో ఘటనల నమూనా చేతికొస్తుంది. జెడ్ న్యూట్రినోలుగా విడిపోయే అవకాశం సుమారు 20 శాతం, మ్యువాన్లుగా 3.4 శాతం కాబట్టి నిష్పత్తి ముందే తెలుసు. ఈ పద్ధతి నాకు ఇప్పటికీ ఎంతో అందంగా తోస్తుంది: సిద్ధాంతపు అంచనాపై పూర్తిగా ఆధారపడకుండా, చాలావరకు డేటాయే డేటాను సరిచూస్తుంది. జెడ్‌కు తోటి కణాలైన డబ్ల్యూ బోసాన్ల వాటా, డిటెక్టర్ రణగొణలు కూడా లెక్కలోకి వచ్చాకే అంచనాకు మించి ఘటనలు ఉన్నాయో లేదో చూస్తాం.

ఇంకో దారి కూడా ఉంది. 1999లో రాండల్, సుండ్రమ్ ప్రతిపాదించిన వంపు తిరిగిన మితి నిజమైతే, బరువైన గ్రావిటాన్ విడిపోగా వచ్చే రెండు ఫోటాన్ల (కాంతి కణాల) లేదా రెండు లెప్టాన్ల (ఎలక్ట్రాన్, మ్యువాన్ వంటి కణాల) ద్రవ్యరాశి గ్రాఫ్‌లో ఒక శిఖరం కనిపించాలి. 2015 డిసెంబరులో ఇదే కొలైడర్‌లోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు రెండూ 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఫోటాన్ జంటల్లో ఒక చిన్న ఉబ్బును చూపాయి. 2016 ఆగస్టుకల్లా అదనపు డేటాలో అది మాయమైంది. ఒక ఉబ్బును చూసి తొందరపడకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక మీ రెండో ప్రశ్నకు వస్తే, లేవని ఎవరూ నిరూపించలేదు, హద్దులు మాత్రం గీయగలిగారు. 13 టెరా ఎలక్ట్రాన్ వోల్టుల డేటాలోని ఒకే జెట్ ఘటనల ప్రకారం, 1998 నాటి నమూనాలో రెండు అదనపు మితులు ఉంటే గురుత్వపు అసలు శక్తిస్థాయి సుమారు 11 టెరా ఎలక్ట్రాన్ వోల్టులకు, ఆరు ఉంటే సుమారు 6కు పైనే ఉండాలి. మితులు ప్లాంక్ పొడవంత (భౌతికశాస్త్రంలో అర్థం ఉండే అతి చిన్న పొడవుగా భావించేది) చిన్నవైతే ఈ యంత్రం వాటి గురించి అవుననీ కాదనీ చెప్పలేదు. 2022 నుంచి ప్రోటాన్లు ఢీకొనే శక్తి 13.6 టెరా ఎలక్ట్రాన్ వోల్టులకు మాత్రమే పెరిగింది కాబట్టి, ఇకపై డేటా ఎంత పోగైనా ఈ హద్దులు నెమ్మదిగానే పైకి జరుగుతాయి.