అద్దం ఎటువైపు నుంచి పగిలింది?

విజయనగరం

అమ్మలూ,

శ్రీకాకుళంలో క్లూస్ టీమ్‌లో చేరావని మీ అమ్మ చెప్పింది. ఆ పనిలోనే జుట్టు నెరిసినవాణ్ణి కదా, ఊరుకోలేక రాస్తున్నాను.

స్పాట్‌కి వెళ్లగానే ఎవరో ఒకరు కథంతా చెప్పేస్తారు. విను, కానీ అప్పుడే తలూపకు. నేను ఊపాను ఒకసారి, పలాసలో జీడిపప్పు గోడౌన్ దగ్గర. దొంగలు బయట నుంచి కిటికీ అద్దం పగలగొట్టి దూరారన్నాడు యజమాని. లోపల గాజుముక్కలు కనబడ్డాయి, నమ్మేశాను. అద్దం పగిలితే ముక్కలు రెండువైపులా పడతాయని తెలిసీ!

తర్వాత ఫ్రేములో మిగిలిన ముక్క తీసి, అంచు మీద టార్చి వేశాం. దెబ్బ తగిలిన చోటు నుంచి చక్రం ఆకుల్లా సాగే పగుళ్లుంటాయి చూడు, వాటి అంచులో సన్నటి వంపు గీతలు కనిపిస్తాయి. దెబ్బకు అద్దం వంగి, అవతలి వైపు సాగి, అక్కడే ముందు చిట్లుతుంది. అందుకే ఆ గీతలు దెబ్బకు అవతలి వైపు అద్దాన్ని నిటారుగా తాకుతాయి. మా ముక్కలో అవి వాన చారలున్న వైపు నిటారుగా ఉన్నాయి. అంటే కొట్టింది లోపలివాడే. నువ్వు మాత్రం వాన చారల మీద ఆధారపడకు. ముక్క తీయకముందే దాని మీద ‘లోపల’, ‘బయట’ అని మార్కర్‌తో రాసెయ్. టఫెన్డ్ గ్లాస్ అయితే ఈ లెక్క పనికిరాదు, అది పలుకులు పలుకులుగా రాలిపోతుంది.

చెప్పుల జాడ దొరికితే పక్కన స్కేలు పెట్టి, కెమెరా తిన్నగా పైనుంచి, లైటు నేలకు ఆనించి పక్కనుంచి పట్టి ఫొటో తియ్. ఆ తర్వాతే జాడ అచ్చు తీయడానికి డెంటల్ స్టోన్, అదే ప్లాస్టర్ లాంటి గట్టి ముద్ద, పొయ్. కళింగపట్నం, బారువ వైపు పొడి ఇసుకలో పోసే బరువుకే జాడ కూలిపోతుంది. ముందు కాస్త దూరం నుంచి హెయిర్‌స్ప్రే కొట్టు. నీ కిట్‌లో అది చూసి కానిస్టేబుళ్లు నవ్వుతారు, నవ్వనీ. బండి టైరు గీత కూడా ఉంటే ఏది దేని మీద పడిందో చూడు. ముందెవరొచ్చారో అదే చెబుతుంది.

నెత్తుటి చుక్కల లెక్క నీకు చదువులోనే చెప్పి ఉంటారు. వెడల్పు పొడవులో సగముంటే 30 డిగ్రీల కోణంలో తగిలినట్టు. కానీ గరుకు గోడ మీద ఆ కొలత నమ్మకు. నెత్తురు ఎక్కణ్ణుంచి చిందిందో తేల్చడానికి ఆ కోణాల్లో దారాలు కట్టి చూస్తే ఎత్తు అసలుకన్నా ఎక్కువే వస్తుంది, చుక్క వంపు తిరిగి పడుతుంది కాబట్టి.

సిరిమాను సంబరానికి సెలవు దొరికితే రా. పాత కిటికీ అద్దాలు నాలుగు అటక మీద దాచాను, మీ అత్త చూడకుండా పగలగొడదాం.

మీ మావయ్య