అంగిలి చూడకుండా పంపకు

అమ్మాయీ,

శ్రీకాకుళం వైపు పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న చెప్పాడు. పళ్ళు తీయడం, కట్టడం నీకు కొత్త కాదు. నోట్లో మచ్చలు, పుళ్ళ సంగతే కాస్త చెప్పాలి.

అక్కడ పెద్ద వయసు ఆడవాళ్ళను "పొగ తాగుతారా?" అంటే లేదనేస్తారు. "అడ్డపొగ అలవాటుందా?" అని అడుగు, అదీ పక్కన కొడుకూ కోడలూ లేనప్పుడు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టి కాల్చడం మనకు వింత గానీ, వాళ్ళు ఇంటిపని చేసుకుంటూనే కాలుస్తారు. 1971లో అచ్చయిన, డెన్మార్క్ నోటి జబ్బుల నిపుణుడు పిండ్‌బోర్గ్ బృందం అధ్యయనం మన రాష్ట్రంలో పదివేల మందికి పైగా గ్రామస్థుల అంగిళ్ళు చూసి రాసిందే. వేడి నేరుగా తగిలి అంగిలి తెల్లగా మందమెక్కుతుంది, మధ్యలో ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. అక్కడ ఎర్రటి పొర గానీ పుండు గానీ ఉంటే క్యాన్సర్ కావచ్చు, తేలిగ్గా తీసుకోకు.

నేను తీసుకున్నాను. పళ్ళ సెట్టు గుచ్చుకుంటోందని ఒకావిడ వస్తే రెండుసార్లు సెట్టు అరగదీసి పంపాను. అడ్డపొగ మాటే అడగలేదు. మూడోసారి మెడ తడిమితే గడ్డ తగిలింది. అందుకే చెబుతున్నా, సెట్టు తీయించే చూడు, మెడ తడిమే పంపు.

సెట్టు అంచో, పదును పన్నో సరిచేశాక రెండు వారాలు ఆగు. మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. జెల్లు, బీ కాంప్లెక్స్ రాసి నెల్లాళ్ళు తిప్పకు. నొప్పి లేదన్నారని నిశ్చింతగా ఉండకు, క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు నొప్పే పెట్టదు.

తెల్లపొర గాజుగుడ్డతో తుడిస్తే ఊడొస్తే చాలావరకు ఫంగస్. రెండు బుగ్గల్లోనూ ముగ్గు గీతల్లా అల్లుకుంటే లైకెన్ ప్లానస్, అంటే నోటి లోపలి పొరకు వచ్చే ఒక వాపు జబ్బు అనుకో. తెల్ల మచ్చకంటే ఎర్ర మచ్చకే ఎక్కువ భయపడాలి. నాలుకను గుడ్డతో పట్టి పక్కకు లాగి అంచులు, కిందిభాగం చూడు. గుట్కా కుర్రాళ్ళు కారం మండుతోందంటూ వస్తారు. గుట్కాతో నోరు బిగుసుకుపోయి సరిగ్గా తెరుచుకోదు, అందుకే వాళ్ళ మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడుతున్నాయో లేదో పెట్టించి చూడు.

ముక్క పుండు నడిమధ్య నుంచి తీయకు, చచ్చిన కండే వస్తుంది. అంచు నుంచి, కాస్త మంచి కండ కలిసేలా తీసి, ముక్క చెడకుండా 10 శాతం ఫార్మలిన్‌ ద్రవంలో వెయ్యి.

కత్తి పెడితే పుండు ముదురుతుందని ఎవరో ఒకరు అడ్డుపడతారు. కోప్పడకు. చేతి అద్దం ఇచ్చి వాళ్ళ అంగిలి వాళ్ళకే చూపించు. చాలామంది అప్పటిదాకా దాన్ని చూసే ఉండరు.

పెద్దనాన్న