నోటిమాట కోర్టులో ఎంతవరకు నిలుస్తుంది?

ప్రశ్న: ఇంటి స్థలం కొనడానికి నోటిమాటగానే బేరం కుదుర్చుకుని, బయానా బ్యాంకు ద్వారా పంపాను. ఇప్పుడు యజమాని 'కాగితం లేదుగా, చెల్లదు' అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం పదో సెక్షన్ ప్రకారం, ఫలానాది రాతపూర్వకంగానే ఉండాలని వేరే చట్టం చెబితే తప్ప, నోటి ఒప్పందమూ ఒప్పందమే. స్థిరాస్తి అమ్ముతానన్న ఒప్పందానికి రాత తప్పనిసరి కాదని 1990లో బ్రిజ్‌మోహన్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ రుజువు భారం మీదేననీ, అది తేలిక కాదనీ ఆ తీర్పులోనే ఉంది. ధర ఎంత, హద్దులేమిటి, మిగతా సొమ్ము ఎప్పటికి ఇవ్వాలి అన్నవి తేలకపోతే దావా నిలవడం కష్టం. బ్యాంకు పద్దు డబ్బు చేరిందని చెబుతుంది, దేనికోసం చేరిందో చెప్పదు. కాబట్టి వాట్సాప్ మెసేజీలు చెరపకండి, బేరం కుదిర్చిన మధ్యవర్తిని సాక్షిగా ఉంచుకోండి. మిగతా సొమ్ము సిద్ధంగా ఉందంటూ వెంటనే లాయరు నోటీసు ఇప్పించండి. గడువు తేదీ ఏదీ అనుకోకపోతే, ఆయన కాదన్నట్టు మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి.

ఒప్పందం వేరు, దస్తావేజు వేరు. 100 రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తిపై హక్కు మారాలంటే రిజిస్టరైన సేల్‌డీడ్ (అమ్మకపు దస్తావేజు) ఉండాల్సిందే. ఏడాదికి మించిన లీజుకూ రిజిస్ట్రేషన్ తప్పదు.

ప్రశ్న: ప్రామిసరీ నోటు మీద అప్పిచ్చి నాలుగేళ్లయింది. రెండో ఏట కొంత నగదు ముడితే నోటు వెనక నేనే చెల్లు రాసుకున్నాను. దావా వేయడానికి ఇంకా గడువుందా?

జవాబు: ఇప్పుడున్న రాతతో లేదు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. అడిగినప్పుడు చెల్లించాలనే నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. దావా గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ కింద గడువు పెరగాలంటే, ఆ మూడేళ్లలోపే సొమ్ము ముట్టి ఉండాలి, దావా వేసేలోపు ఆ చెల్లు బాకీదారు చేతిరాతతోనో, ఆయన సంతకంతోనో ఉండాలి. మీ చేత్తో మీరు రాసుకున్నది లెక్కలోకి రాదు.

ఆ చెల్లుకు ఆయన సంతకం దొరక్కపోతే మిగిలిన దారి కాంట్రాక్టు చట్టం 25(3) సెక్షన్. బాకీదారు సంతకంతో కొత్త కాగితం రాయించుకోండి. అందులో మాట ముఖ్యం. 'బాకీ ఉన్న మాట వాస్తవమే' అన్నది గడువులోపల పనికొస్తుంది, దాటాక చాలదు. 'ఆ బాకీ చెల్లిస్తాను' అని ఉండాలి.

ప్రశ్న: అప్పుకు నోటిమాటగా హామీ ఉంటే?

జవాబు: చెల్లుతుంది. ఇంగ్లండులో 1677 నాటి చట్టం హామీకి రాత కోరుతుంది. మన కాంట్రాక్టు చట్టం 126వ సెక్షన్ నోటి హామీనీ ఒప్పుకుంటుంది. అయితే హామీదారు అడ్డం తిరిగితే సాక్షులే దిక్కు.