గొట్టం ఎందుకు పొడవో అది రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

చేపలు కరెంటును పసిగట్టడం గురించి నువ్వు పంపిన వ్యాసం చదివానమ్మా. చెయ్యి తిరిగిన భాషే. కానీ మొదటి పేరాలోనే పులసను తెచ్చావు. సముద్రం నుంచి గోదాట్లోకి ఎదురీదుతుంది కదా, దానికీ ఈ శక్తి ఉంటుందనుకున్నట్టున్నావు. ఎదుటి ప్రాణి ఒంట్లోని కరెంటును పసిగట్టేవి చర్మం మీది రంధ్రాల నుంచి లోపలికి పోయే సన్నని గొట్టాలు. పులసకు ఆ అవయవాలు లేవు. మన గోదావరి వాళ్ళకి పులస లేకుండా కలం కదలదు గానీ, ఈసారికి దాన్ని పులుసులోనే ఉండనివ్వు. ఈ శక్తి ఉన్నవి జెల్ల, వాలుగ, ఇంగిలాయి, మార్పు. ఉప్పునీటి వైపు సొర, బల్లపరుపుగా ఉండే టేకు చేప.

ఇక అసలు సంగతి. సముద్రపు చేపలకు ఈ గొట్టాలు పొడవు, మంచినీటి చేపలకు పొట్టి అని ఒక్క వాక్యం రాసి, 'ప్రకృతి వింత' అంటూ దాటేశావు. అక్కడే ఆగాలి. ఎందుకలా అన్నదే నీ వ్యాసం.

రొయ్యల చెరువు దగ్గర ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్ పెట్టడం చూసే ఉంటావు. రెండు వైర్లూ ఎక్కడెక్కడ ఆనించాడన్న దాన్నిబట్టే రీడింగ్. సొరకు ఒక వైరు చర్మం మీది రంధ్రం, రెండోది గొట్టం లోపలి చివరనున్న తిత్తి. ఉప్పునీరు కరెంటును బాగా పారనిస్తుంది, సొర చర్మం పెద్దగా అడ్డుకోదు. అందుకని నీళ్ళలో వోల్టేజీ ఎలా మారుతుందో ఒంట్లోనూ దాదాపు అలాగే మారుతుంది. చర్మానికి అటూ ఇటూ కొలిస్తే ఏమీ తెలియదు, దూరంగా ఉన్న రెండు చోట్ల మధ్య కొలవాలి. కాబట్టి పొడవాటి గొట్టం, దాని నిండా కరెంటు పారే జిగురు.

జెల్ల సంగతి తలకిందులు. మంచినీటిలో కరెంటు సరిగా పారదు, చేప ఒంట్లో ఉప్పుంది కాబట్టి అక్కడ బాగా పారుతుంది. చర్మమేమో గట్టిగా అడ్డుపడుతుంది. ఒళ్ళంతా ఇంచుమించు ఒకే వోల్టేజీ, తేడా అంతా చర్మం దగ్గరే. చర్మాన్ని దాటేంత గొట్టం ఉంటే చాలు, మిల్లీమీటరు కూడా అక్కర్లేదు.

ఇది జాతిని బట్టి వచ్చిన తేడా కాదా అని చదివేవాళ్ళు అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకో. అమెజాన్ మంచినీళ్ళలో ఉండే టేకు చేపలకు గొట్టాలు పొట్టివి. సముద్రంలో ఉండే ప్లోటోసస్ అనే జెల్ల బంధువుకు పొడవైనవి. చుట్టరికం ఒకలా ఉంది, గొట్టం ఇంకోలా ఉంది. నీ వ్యాసంలో ఇంతకంటే బలమైన సాక్ష్యం ఉండదు, దీన్ని బ్రాకెట్లో ఇరికించకు.

చరిత్రకు రెండు వాక్యాలు చాలు. లోరెంజీని అనే ఇటలీ వైద్యుడు ఈ గొట్టాలను 1678లోనే వర్ణించాడు, కరెంటు కోసమని తేలింది మాత్రం 1960ల్లో. కాల్‌మైన్ అనే డచ్ శాస్త్రవేత్త ప్రయోగానికి మటుకు పూర్తి పేరా ఇవ్వు. ఇసుక అడుగున అగర్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ) గదిలో బతికున్న చేపను దాచాడు. వాసన పైకి రాదు, కరెంటు వస్తుంది. సొర సరిగ్గా దాని మీదికే వచ్చింది. పైన పల్చటి ప్లాస్టిక్ పొర కప్పి కరెంటును ఆపితే కనిపెట్టలేకపోయింది. చేపను తీసేసి ఎలక్ట్రోడ్లు పాతిపెడితే వాటి కోసం ఇసుక తవ్వింది!

రాసే ముందు ఒక తెల్లవారుజామున కాకినాడ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళు. టేకును తిరగేయించి నోటి చుట్టూ చూడు, సూది మొనంత రంధ్రాలు కనిపిస్తాయి. సొర ముట్టె మీద వేలితో నొక్కితే జిగురు బయటికొస్తుంది. అమ్మే ఆవిడ విసుక్కుంటుంది, విసుక్కోనీ. జెల్ల మీద వెతక్కు, మైక్రోస్కోపు లేకుండా కనపడవు.

కథాస్థలం రాజమండ్రి కాదు, యానాం దిగువన పెట్టుకో. వరదల్లో అక్కడి నీళ్ళు తియ్యగా ఉంటాయి, ఎండాకాలం ధవళేశ్వరం నుంచి నీళ్ళు తగ్గగానే ఉప్పు పైకెక్కుతుంది. అదే రేవు, కరెంటు పారే తీరు మాత్రం వేరు.

చివరిగా, నువ్వు పెట్టిన ఎలక్ట్రిక్ ఈల్ ఫొటో తీసెయ్యి. అది దక్షిణ అమెరికాది, షాకు కొట్టే చేప. మన జెల్ల షాకు కొట్టదు, ఎదుటి ప్రాణి ఒంట్లోని కరెంటును పసిగడుతుందంతే. దాని బదులు రెండు గొట్టాల బొమ్మ పక్కపక్కనే నువ్వే గీసి పంపు.

ఇట్లు,
మీ మాస్టారు