ఆటలు రాని అమ్మాయికి డిప్లొమా అందదా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాదే హైదరాబాద్‌లోని ఒక పాఠశాలలో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా మొదటి సంవత్సరంలో చేరింది. చదువులో ఎప్పుడూ ముందుంటుంది కానీ, ఆటల పీరియడ్ అంటే చిన్నప్పటి నుంచీ భయమే. అందులో ‘క్యాస్’ అనే భాగం పూర్తి చేయకపోతే ఎన్ని పాయింట్లు వచ్చినా డిప్లొమా ఇవ్వరని, క్యాస్‌లో ఆటలు తప్పనిసరి అని చెప్పడంతో బాస్కెట్‌బాల్ జట్టు ఎంపికకు వెళ్లి, అందరి ముందూ బంతి పట్టుకోలేక ఏడుస్తూ ఇంటికి వచ్చింది. యాభై గంటల ఆట లెక్క చూపించాలని కొందరు, డాక్టరు సర్టిఫికెట్ పెడితే మినహాయింపు దొరుకుతుందని కొందరు అంటున్నారు. పరుగెత్తలేని పిల్ల చదువుకు ఇలా అడ్డుపడడం న్యాయమేనా? మేమేం చేయాలి?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు విన్నవాటిలో నిజమెంతో ముందుగా తేల్చుకుందాం. క్యాస్ పూర్తి కాకపోతే డిప్లొమా రాదన్న మాట నిజం. ఆరు సబ్జెక్టులకు ఏడేసి చొప్పున 42, థియరీ ఆఫ్ నాలెడ్జ్ అనే పాఠ్యాంశం, ఎక్స్‌టెండెడ్ ఎస్సే అనే దీర్ఘ వ్యాసం రెంటికీ కలిపి 3, వెరసి 45 పాయింట్ల లెక్కలో క్యాస్‌కు ఒక్క పాయింటు కూడా లేదు. అయినా అది పూర్తయితేనే డిప్లొమా చేతికి వస్తుంది. జట్టులో చోటు సంపాదించాలని మాత్రం ఐబీ నియమాలు ఎక్కడా అడగవు. క్యాస్ అంటే క్రియేటివిటీ, యాక్టివిటీ, సర్వీస్. ఇందులో యాక్టివిటీ అంటే ఆరోగ్యకరమైన జీవనానికి తోడ్పడే శారీరక శ్రమ అని ఐబీ నిర్వచనం. జట్టు ఆటలతో పాటు నృత్యం, వ్యాయామం, ఆరుబయట తిరుగుళ్లు కూడా దాని కిందికే వస్తాయి. కూచిపూడి నేర్చుకునే పిల్ల చెమటోడ్చి చేసే అడుగుల సాధన కూడా ఇందులోకి రాదగినదే.

యాభై గంటల మాట పాతకాలపు లెక్క. ‘యాక్షన్’ అన్న పేరును ‘యాక్టివిటీ’గా మార్చిన 2015 నాటి మార్గదర్శకంలో గంటల కొలత లేదు. పద్దెనిమిది నెలల పాటు క్రమం తప్పకుండా క్యాస్ కొనసాగాలి, చేసినదాని గురించి ఆలోచించి రాసిన పోర్ట్‌ఫోలియో ఉండాలి, పాఠశాలలోని క్యాస్ సమన్వయకర్తతో మూడు సార్లు ముఖాముఖి జరగాలి, కనీసం ఒక నెల సాగే ప్రాజెక్టు ఒకటి చేయాలి. ఆ ప్రాజెక్టు ఆటల మీదే కానవసరం లేదు. వీటన్నిటి ద్వారా ఏడు ఫలితాలు సాధించినట్లు కనిపించాలి. ఆ ఏడింటిలో మొదటిది తన బలమేమిటో, తాను ఎదగవలసిన చోటేదో తెలుసుకోవడం. రెండవది సవాలును స్వీకరించి కొత్త నైపుణ్యాన్ని అలవరచుకోవడం.

ఈ రెండు వాక్యాలను మీ అమ్మాయి చేత నిదానంగా చదివించండి. జిల్లా స్థాయిలో ఆడే అమ్మాయి రోజూ ఆడే ఆటనే మళ్లీ ఆడి పోర్ట్‌ఫోలియో నింపితే అందులో కొత్తగా ఎదిగిందేమీ ఉండదు. ఆమె మరో మెట్టు పైకి లక్ష్యం పెట్టుకోవలసిందే. మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయాసపడే పిల్లకు మాత్రం ఆ మెట్లే సవాలు, వాటిని ఆగకుండా ఎక్కిన రోజే ఫలితం. ఈ నియమం ఆటలు రాని పిల్లలకు వ్యతిరేకమని అందరూ అనుకుంటారు కానీ, నాకు మాత్రం అది వారి పక్షాన ఉన్నట్లే కనిపిస్తుంది.

నేను ఎరిగిన ఒక విద్యార్థిని ఇలాగే బంతంటే భయపడి, చివరకు తాడాటను ఎంచుకుంది. ఆమె పోర్ట్‌ఫోలియో మొదటి పేజీలో ‘తొమ్మిదో గెంతుకే తాడు కాలికి తగిలింది, తొమ్మిదే అని రాయడానికి సిగ్గుగా ఉంది’ అన్న ఒకే వాక్యం ఉంది. తర్వాతి పేజీల నిండా చిన్న చిన్న లెక్కలు: ఇరవై రెండు, పంతొమ్మిది, జలుబు వల్ల రెండు రోజులు విరామం, నలభై. నాలుగో నెలలో అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద కింది అంతస్తు పిల్లలిద్దరికి నేర్పడం మొదలుపెట్టింది. పంతొమ్మిదికి జారిన రోజును కూడా ఆమె దాచకుండా రాసింది. సమన్వయకర్త ముఖాముఖిలో ఎక్కువసేపు మాట్లాడింది ఆ పేజీ గురించేనట. ఐబీ తొలి రోజుల్లో ఎందరినో ప్రభావితం చేసిన జర్మన్ విద్యావేత్త కర్ట్ హాన్, 1934లో స్కాట్లండ్‌లో స్థాపించిన తన పాఠశాలలో పిల్లలు రోజువారీ వ్యాయామాన్ని తామే నమోదు చేసుకునే పద్ధతి పెట్టాడు. పక్కవాడితో పోలిక కన్నా తన నిన్నటితో తన పోలిక ముఖ్యమన్న ఆ ఆలోచనే క్యాస్‌లో కూడా నాకు కనిపిస్తుంది.

డాక్టరు సర్టిఫికెట్ ఆలోచనను దయచేసి మానుకోండి. లేని జబ్బును కాగితం మీద పెడితే, తన పనులలోని మంచిచెడ్డలు ఎంచుకోవడమనే ఏడవ ఫలితాన్ని మొదటి రోజే పోగొట్టుకున్నట్లు అవుతుంది. పైగా ‘నీ వల్ల కాదు’ అన్న మాటను కన్నవారే సంతకం పెట్టించి చేతికిచ్చినట్లు అవుతుంది. ఉబ్బసమో, మోకాలి నొప్పో నిజంగా ఉంటే సంగతి వేరు. అప్పుడు వైద్యులను అడగవలసింది ఏమేమి చేయకూడదని మాత్రమే కాదు, ఏమేమి చేయవచ్చునో కూడా రాయించుకుని పాఠశాలకు ఇవ్వండి. వైకల్యం ఉన్న విద్యార్థులు సైతం తమకు తగిన రీతిలో పాల్గొనే అవకాశం ఉండాలన్నదే క్యాస్ ఉద్దేశం.

ఇక న్యాయమేనా అని అడిగారు. నియమం న్యాయమైనదే, అమలు చేసిన తీరు న్యాయమైనది కాదు. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్లలో ఫౌండేషన్ కోర్సు మొదలైన ఏడాదే సైకిలు మూలకు చేరుతుంది. ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి మైదానమే లేని నాలుగంతస్తుల భవనంలో రెండేళ్లు గడిచిపోతాయి. ఆ లోటు పూడ్చే నియమాన్ని నేను తప్పుపట్టలేను. అయితే బంతి పట్టడం ఎవరూ నేర్పని పిల్లను ఎంపిక పోటీలో అందరి ముందు నిలబెట్టి, ఆ పోటీనే క్యాస్ అనుకునేలా చేయడం పెద్దల పొరపాటు. మీరు క్యాస్ సమన్వయకర్తను కలిసి, పాఠశాల తన వంతుగా అదనపు షరతులేమైనా పెట్టిందా, జట్టుతో సంబంధం లేని వ్యక్తిగత లక్ష్యాన్ని ఆమోదిస్తారా అన్న రెండు సంగతులు అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. లక్ష్యం ఏమిటన్నది మాత్రం మీ అమ్మాయినే నిర్ణయించుకోనివ్వండి. వారానికి మూడు సాయంత్రాలు వేగంగా నడిచి, డిసెంబరులో స్నేహితులతో అనంతగిరి కొండల్లో ఒక రోజు తిరిగి రావాలని అనుకున్నా అది చక్కని లక్ష్యమే.

ప్రశ్న: మా అబ్బాయికి ఐఐటీలో సీటు వచ్చింది. ఎనిమిదో తరగతి తర్వాత మైదానం ముఖం చూడలేదు. అక్కడ మొదటి ఏడాది ఆటలు తప్పనిసరి అని విని దిగులు పడుతున్నాడు.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: చాలా ఐఐటీలలో మొదటి సంవత్సరం విద్యార్థులు ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌ఓలలో ఒకదాన్ని ఎంచుకోవాలి. వీటిలో ఆటలకు సంబంధించినది ఎన్‌ఎస్‌ఓ ఒక్కటే. ఎన్‌సీసీలో కవాతు ఉంటుంది కనుక దానికీ కొంత ఒళ్లు వంచాలి. 1969లో గాంధీజీ శతజయంతి సంవత్సరంలో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్ మాత్రం సేవా కార్యక్రమం, దానికి పరుగు పందేలతో పని లేదు. వివరాలు సంస్థను బట్టి మారుతాయి కనుక, చేరిన వారంలోనే ఆ ఐఐటీ నిబంధనల పుస్తకం చూడమనండి. హాజరు విషయంలో మాత్రం అశ్రద్ధ చేయవద్దని గట్టిగా చెప్పండి; ఈ అవసరం తీరకుండా వదిలేస్తే పట్టా దగ్గర చిక్కు వస్తుంది.

అయినా నా సలహా అడిగితే, ఎన్‌ఎస్‌ఎస్‌నే ఎంచుకున్నా సాయంత్రం ఒక గంట మైదానం వైపు వెళ్లి రమ్మంటాను. అక్కడ అతనిలాగే ఏళ్ల తరబడి బంతి ముట్టని పిల్లలు ఇంకా చాలామంది కనిపిస్తారు. బ్యాడ్మింటన్ రాకెట్ ఒకటి ఇప్పుడే కొని, సీటు వచ్చిన ఈ సెలవుల్లో ఇంటి వెనక సందులో మీరే అతనితో రోజూ అరగంట ఆడండి.