తాతయ్య రేడియో విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తాతయ్య వాల్వు రేడియో (గాజు గొట్టాలతో పనిచేసే పాతకాలం సెట్టు) అటక మీంచి దించావని అక్క చెప్పింది. చాలా సంతోషమేసింది. ప్లగ్గు మాత్రం ఇప్పుడే పెట్టకు. 30 ఏళ్లు మూలనపడ్డ సెట్టుకి ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే పాత కండెన్సర్లు తట్టుకోలేవు. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో, అంటే కరెంటు బల్బులోంచే సెట్టుకి వెళ్లేలా, కట్టాలి. లోపల షార్టుంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దక్కుతుంది.

ముందు వాల్వుల పేర్లు చదువు. యుఎల్ 84 లాగా ‘యు’తో మొదలైతే అది ఏసీ/డీసీ సెట్టు, ఛాసిస్‌కే (లోపలి ఇనప చట్రానికే) కరెంటు రావచ్చు. లోపల చెయ్యి పెట్టకుండా సెట్టు అలాగే నా దగ్గరికి తీసుకురా.

ఫిల్టర్ ఎలక్ట్రోలైటిక్‌లు (డీసీని నునుపు చేసే పెద్ద కండెన్సర్లు) ఎండిపోయి ఉంటాయి, హమ్ (స్పీకర్లో గుయ్యిమనే మోత) వాటివల్లే. 32 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్లు) ఉన్నచోట 33, 450 వోల్టులది వెయ్యి. హమ్ ఇంకా తగ్గుతుందని 100 పెట్టకు. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ వాల్వు ఈజడ్ 80 అయితే దాని వెనకే ఉండే కండెన్సర్ 50 దాటకూడదు.

నా భయమంతా మైనం పూసిన పేపర్ కండెన్సర్ల గురించే. అందులోనూ స్పీకరుని నడిపే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకి (పాట లోపలికి వెళ్లే కాలుకి) వెళ్లే 0.01 ఎంఎఫ్‌డీది. పైకి బాగానే కనిపిస్తుంది, మహా అయితే చివర మైనం కారి గోధుమరంగు చుక్క కట్టి ఉంటుంది. అది కాస్త లీకైనా ముందు వాల్వు ప్లేటు మీది డీసీ గ్రిడ్డుకొచ్చేస్తుంది. వాల్వు కరెంటు విపరీతంగా లాగి, ప్లేటు ఎర్రబడి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. పని నేర్చుకునే రోజుల్లో, పాట వస్తోంది కదా అని దాన్ని వదిలేసి ఒకరి సెట్టు అలాగే కాల్చాను. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేదు. షాపులో 630 వోల్టుల పాలిస్టర్ కండెన్సర్ ఇమ్మని అడుగు, మీద 103 అని ఉంటుంది. సెట్టు వాయిస్తుందా లేదా అని చూడకుండా మార్చెయ్యి.

మైకా, సెరామిక్ కండెన్సర్ల జోలికి పోకు. ఐఎఫ్ కాయిళ్ల (స్టేషన్లు విడిగా పట్టేలా సరిచేసి ఉంచిన తీగచుట్టల) స్క్రూలు అస్సలు తిప్పకు. కార్బన్ రెసిస్టర్లు మీటరుతో చూసి, విలువ బాగా పెరిగినవే తియ్యి.

ఒక్కోటి మార్చి, ఒక్కోసారి ఆన్ చేసి విను. అన్నీ ఒకేరోజు పీకితే తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోలేవు. ప్లగ్గు తీశాక కూడా ఫిల్టర్‌లో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ కాసేపు ఆనించి, మీటర్లో సున్నా చూశాకే చెయ్యి పెట్టు.

బల్బు బోర్డు ఆదివారం తెస్తాను. అన్నట్టు, విజయవాడ స్టేషను కోసం తాతయ్య డయల్ అద్దం మీద 360 మీటర్లకు కాస్త ఇవతల ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టుకున్నారు. దుమ్ము తుడిచేటప్పుడు అది పోనివ్వకు.

మామయ్య